మాస్టర్ సాబ్ చదివిన సమీకరణం

మాస్టర్ సాబ్ పోయారన్న సంగతి నాకు అల్వాల్ బస్సులో తెలిసింది. అప్పటికే పదకొండు రోజులైంది. పక్క సీట్లో కూర్చున్న నడివయసు మనిషి నా సంచిలోంచి బయటికి కనిపిస్తున్న ఎనిమిదో తరగతి లెక్కల పుస్తకం చూసి, టీచరా అని అడిగాడు. రిటైరయ్యానని, మా పక్కింటి అమ్మాయికి సాయంత్రాలు లెక్కలు చెబుతున్నానని అన్నాను.

“నాకు లెక్కలు నేర్పింది ఒక్కరే సార్,” అన్నాడు అతను. “నాలుగో తరగతిల. తర్వాత శానమంది చెప్పిండ్రు గానీ, నేర్పింది మాత్రం ఆయనే. మొన్న పోయిండు. మట్టి ఇయ్యనీకి నేను సుత పోయిన.”

ఎవరని అడగలేదు. అతను ఆ మాట అంటూ రెండు అరచేతులూ పైకి తెరిచి ఛాతీ ఎత్తున సమంగా పట్టాడు. చేతులు అలా పట్టడం ఒక్క మనిషి దగ్గర చదువుకున్నవాళ్ళకే అలవాటు. నేను దిగవలసిన చోట దిగి, రోడ్డు దాటి, వెనక్కి వెళ్ళే బస్సు ఎక్కి ఇంటికి వచ్చేశాను.

బళ్ళో ఆయన్ని అందరూ మాస్టర్ సాబ్ అనేవారు. పద్నాలుగు మంది మాస్టర్లున్న బడి అది. అయినా ఆ పిలుపు ఆయన ఒక్కరిదే. నేనూ అదే రాస్తాను.

ఆయన్ని మొదట చూసింది పోలీస్ చర్య జరిగిన మరుసటి ఏడు. నాకు ఇరవై రెండేళ్ళు. సికింద్రాబాదులో ఇంగ్లీషు బళ్ళో చదివినవాణ్ణి. తిరుమలగిరి వెళ్ళే రోడ్డు మీద ఉన్న ఒక సర్కారు బళ్ళో నన్ను లెక్కలు చెప్పడానికి తాత్కాలికంగా తీసుకున్నారు. ఆయనకు నలభై అయిదు దాటాయి. ఇరవై ఏళ్ళు హైదరాబాదులో ఉర్దూలో ఆల్జీబ్రా చెప్పి, ఉర్దూలో చెప్పడం ఆగిపోయాక మా బడికి బదిలీ మీద వచ్చారు. ఊరు భువనగిరి వైపు. ఇంట్లో తెలుగు, ఉర్దూ రెండూ మాట్లాడేవారు. లెక్క మాత్రం ఉర్దూలోనే చేసేవారు.

ఎర్ర రూమీ టోపీ పెట్టుకునేవారు. ఆ ఏడు చాలామంది ఆ టోపీలను పెట్టెల్లో దాచేశారు. ఆయన పెట్టుకుంటూనే ఉన్నారు. ఎవరో అడిగితే, “ఎండకు మరి ఏం పెట్టుకోమంటవ్?” అన్నారు. షేర్వానీ కుడి జేబు ఎప్పుడూ తెల్లగా ఉండేది. చాక్‌పీసు ముక్కలన్నీ అందులోనే. తాళంచెవి కోసం జేబులో చెయ్యి పెడితే వేళ్ళు తెల్లబడి బయటికొచ్చేవి.

మొదటిరోజు మాస్టర్ల గదిలో ఆయన సాసర్లో చాయ్ పోసుకుని చల్లారుస్తూ నన్ను పిలిచారు.

“తమ్మీ, ఆల్జీబ్రా చెప్పొస్తదా?”

“వస్తది సాబ్.”

“అయితే జెర చెప్పు. xకు ఏడు కలిపితే పన్నెండు. x ఎంత?”

“అయిదు.”

“ఎట్ల?”

“ఏడును అటు దిక్కు తీసుకపోతే మైనస్ ఏడు అయితది. పన్నెండులకెల్లి ఏడు పోతే అయిదు.”

“ఎవరు తీసుకపోయిండ్రు?”

“ఏంది సాబ్?”

“ఏడును అటు ఎవరు తీసుకపోయిండ్రు? ఏ దారిన పోయింది? పోయినదానికి గుర్తెందుకు మారింది? చోరీ గిట్ల చేసి వేషం మార్చుకున్నదా?”

గదిలో అందరూ నవ్వారు. డ్రిల్ మాస్టరు “ఠాణాల రిపోర్ట్ ఇద్దాం సాబ్” అన్నాడు. నాకు చెవులు కాలిపోయాయి. ఆయన మాత్రం నవ్వలేదు. సాసరు కింద పెట్టి, రెండు అరచేతులూ తెరిచి పట్టారు.

“ఏది ఎక్కడికీ పోదు. ఈ చేతుల x, ఏడు ఉన్నయి. ఈ చేతుల పన్నెండు ఉన్నది. రెండు చేతులు బరాబర్. ఇప్పుడు ఇటు నుంచి ఏడు తీసిన. ఇటు తీస్తే అటు సుత ఏడు తియ్యాలె. ఇటు x మిగిలింది. అటు అయిదు మిగిలింది. బరాబర్. గంతే. పిల్లలకు ‘అటు పోయింది’ అని చెప్తే వాడు మాయలు నేర్చుకుంటడు. ‘రెండు దిక్కుల తీసినం’ అని చెప్తే లెక్క నేర్చుకుంటడు.”

నేను పదేళ్ళు చదివి, డిగ్రీ పుచ్చుకుని, అటు తీసుకుపోవడం అంటే ఏమిటో ఎప్పుడూ ఆలోచించలేదు. ఆ రోజు నుంచి నా పాఠం మారిపోయింది.

ఎవరెవరు సరిహద్దు దాటి ఎటు వెళ్ళారన్నదే ఆ రోజుల్లో ఊరంతా మాట. ‘ఏది ఎక్కడికీ పోదు’ అన్న ఆయన మాటకు ఆ అర్థం అంటగట్టడం తేలిక. ఆయన ఒప్పుకునేవారు కాదు. ఆయన ఏడు అంటే ఏడే. సొంత తమ్ముడు కరాచీ వెళ్ళిపోతూ, మీరూ రండి అని చిలకలగూడ ఇంటికొచ్చి రెండు రోజులు బతిమాలితే, “అక్కడ సుత లెక్కలు గివే గదా” అని పంపించేశారట. ఈ సంగతి చెప్పింది ఆయన భార్య. నేను ఆమెను చాచీ అనేవాణ్ణి. పరదా వెనక ఉండేది. మాట మాత్రం ఏ పరదాకూ ఆగేది కాదు. “ఈయనకు దాల్‌ల ఉప్పు ఎక్కువైందంటే సుత మెట్టు మెట్టుకూ చెప్పాలె బేటా. మొదలు నీళ్ళు ఎన్ని, తర్వాత పప్పు ఎంత, ఉప్పు ఎన్ని చిటికెలు. గప్పుడుగానీ తినడు,” అనేది.

పాఠం చెప్పేటప్పుడు ముందు బోర్డు మధ్యలో నిలువుగా గీత గీసేవారు. ఒక పక్క మెట్లు. రెండో పక్క ప్రతి మెట్టుకూ ఎదురుగా ‘ఎందుకు’. రెండు దిక్కులా మూడు తీశాం, ఎందుకంటే ఇటు x ఒంటరిగా మిగలాలి. రెండు దిక్కులా నాలుగుతో భాగించాం, ఎందుకంటే x ఒక్కటి కావాలి. జవాబుకు ఆయన ఒక్క మార్కే వేసేవారు. మిగిలినవన్నీ ‘ఎందుకు’లకు. జవాబు తప్పి, ఎందుకులన్నీ సరిగా రాసిన పిల్లవాడికి పదికి ఏడు వచ్చిన రోజులున్నాయి. జవాబు ఒక్కటే రాసినవాడికి ఒకటి.

జవాబు వచ్చాక ‘పడ్తాల్’ ఉండేది. వచ్చిన జవాబును మొదటి సమీకరణంలో x ఉన్నచోట పెట్టి, రెండు పక్కలూ సమానమవుతాయో లేదో చూడటం. ఆ పని ఆయన చెయ్యరు. క్లాసులో ఎవరినో ఒకరిని లేపి చేయించేవారు. “నేను చేసిన లెక్కకు నేనే గవా అయితనా? నువ్వు చూసి చెప్పు,” అనేవారు. గవా అంటే సాక్షి.

తప్పు పడితే తుడిచేవారు కాదు. దాని పక్కన చిన్న గీత పెట్టి, దాని కింద మళ్ళీ మొదలుపెట్టేవారు. తుడిస్తే తప్పు ఎక్కడ పుట్టిందో కనిపించదని ఆయన అనడం. గంట అయ్యేసరికి బోర్డు నిండా గీతలుండేవి. తరవాతి పీరియడుకొచ్చే చరిత్ర మాస్టరు రోజూ విసుక్కుంటూ తుడుచుకునేవాడు.

ఆయనకు ఉన్న చిక్కు ఒక్కటే. దాన్ని కొంచెం వివరంగా చెప్పాలి.

ఉర్దూ కుడి నుంచి ఎడమకు సాగుతుంది. ఆయన చదివిన, చెప్పిన ఆల్జీబ్రా కూడా అలాగే సాగింది. సమీకరణంలో మొదటి సంఖ్య కుడి చివర ఉండేది, చివరిది ఎడమ చివర. x కు బదులు ‘లా’ అనే అక్షరం రాసేవారు. కొత్త పద్ధతిలో ఇదంతా తిరగబడింది. నోటితో తెలుగులో చెప్పడం ఆయనకు కష్టమే కాదు. ఇంగ్లీషు అక్షరాలూ వచ్చు. చిక్కల్లా కంటిది. ఇరవై ఏళ్ళు ఆయన బోర్డుకు కుడి చివర నిలబడి మొదలుపెట్టారు. సమీకరణం కనబడగానే కన్ను కుడి చివర దిగేది.

చాలా లెక్కల్లో దీనివల్ల నష్టం లేదు. x + 7 = 12 అన్నదాన్ని ఎటునుంచి చదివినా జవాబు అయిదే. గుణకారమూ అంతే. తీసివేత ఉంటేనే ప్రమాదం. 20 − 3x అని రాసినదాన్ని కుడి నుంచి చదివితే మూడు x లలోంచి ఇరవై తీసేసినట్టు అవుతుంది. అది వేరే లెక్క. ఈ పొరపాటు నేను చెయ్యలేను. నా ఇంగ్లీషు బడి స్నేహితులెవరూ చెయ్యలేరు. ఇది ఆయనలా బాగా, ఎక్కువకాలం చదువుకున్నవాళ్ళు మాత్రమే చెయ్యగల పొరపాటు.

ఒకరోజు హెడ్మాస్టరు మా ఇద్దర్నీ గదికి పిలిచి ఒక కాగితం చదివారు. మూడు వారాల తరవాత ఇన్‌స్పెక్టరు వస్తారు. మాస్టర్ సాబ్ తొమ్మిదో తరగతికి కొత్త పద్ధతిలో ఆల్జీబ్రా పాఠం చెప్పి చూపించాలి. తగినవారని ఇన్‌స్పెక్టరు రాస్తే పై తరగతులు ఆయనకే ఉంటాయి, నా తాత్కాలిక ఉద్యోగం ముగుస్తుంది. తగరని రాస్తే ఆయన్ని నాలుగు, అయిదు తరగతులకు పంపి, పై తరగతులు నాకు ఖాయం చేస్తారు. హెడ్మాస్టరు కాగితం మడిచి, బల్లమీది పేపర్‌వెయిట్‌ను అటూ ఇటూ జరుపుతూ కూర్చున్నారు.

బయటికి వచ్చాక నేను ఆయన మొహం చూడలేకపోయాను. ఆయన వరండాలో ఆగి టోపీ సర్దుకున్నారు.

“సవాల్ సాఫ్‌గున్నది. తెల్సింది ఏంది, తెల్వంది ఏంది, రెండూ మంచిగ రాసిండ్రు,” అన్నారు. “తమ్మీ, రేపటి నుంచి బడి అయినంక ఒక గంట ఉంటవా?”

“ఎందుకు సాబ్?”

“నాకు ఎడమ దిక్కు నుంచి రాసుడు నేర్పాలె. నువ్వు గాక ఇంకెవరొస్తరు?”

“సాబ్, మీకు తెల్సు గదా, నా నౌకరీ...”

“తెల్సు. నీ నౌకరీ, నా నౌకరీ ఒక్కటే సమీకరణంల ఉన్నయి. దాంతోని ఏమైతది? నేర్పనీకి వస్తదా రాదా?”

మూడు వారాలు నేర్పాను. ఖాళీ క్లాసులో ఆయన బోర్డు ముందు, నేను బెంచీ మీద. ఇప్పటికీ అనగలను, నా జీవితంలో అంత మంచి విద్యార్థి నాకు దొరకలేదు. తప్పు చేసినప్పుడల్లా సంబరపడేవారు. మొదటిసారి తీసివేత తిరగబడినప్పుడు వెనక్కి వచ్చి నా పక్కన కూర్చుని బోర్డును చాలాసేపు చూశారు.

“చూసినవా? కూడిక మంచి మనిషి. ఎటు నుంచి పిలిచినా పలుకుతది. తీసివేతకు రోషం ఎక్కువ. దాన్ని దాని తలకాయ దిక్కు నుంచే పిలువాలె.”

ఆయన కుడి చివర నిలబడకపోతే సగం చిక్కు తీరుతుందని నాకు తోచింది. బోర్డుకు ఎడమ చివర, నేలమీద సున్నంతో పాదాలంత గుర్తు వేశాను. “సాబ్, గీడనే నిలబడుండ్రి. ఏమైనా సరే గీడికెల్లి కదలొద్దు.” ఆయన చిన్నపిల్లవాడిలా రెండు పాదాలూ ఆ గుర్తులో పెట్టి నిలబడేవారు. అక్కడ నిలబడ్డప్పుడు కన్ను ఎడమ నుంచే మొదలయ్యేది. మూడో వారంలో నేనిచ్చిన నలభై లెక్కల్లో ఒక్కటి కూడా తిరగబడలేదు. చివరి రోజు చాక్‌పీసు జేబులో వేసుకుంటూ, “ఫికర్ లేదు తమ్మీ,” అన్నారు. ఆయనకు నిజంగానే ఫికర్ లేదు. నాకుంది. ఏ జవాబు వస్తుందన్న భయమో అప్పుడు నన్ను నేను ప్రశ్నించుకోలేదు.

ఇన్‌స్పెక్టరు మద్రాసు వైపు నుంచి కొత్తగా వచ్చినవాడు. పొడుగ్గా, మర్యాదగా ఉన్నాడు. హెడ్మాస్టరుతో కలిసి వచ్చి కుర్చీలో కూర్చుంటాడనుకున్నాం. కూర్చోలేదు. “లెక్క నేనే ఇస్తానండీ,” అని నేరుగా బోర్డు దగ్గరికి వెళ్ళాడు. ఎడమ చివర, సున్నం గుర్తు మీద నిలబడి 20 − 3x = 5 అని రాశాడు. రాసి అక్కడే నిలబడిపోయాడు, చేతిలో నోటుబుక్కుతో. మాస్టర్ సాబ్‌కు మిగిలింది కుడి చివర.

నేను వెనక బెంచీలో కూర్చుని ఉన్నాను.

ఆయన అలవాటుగా ముందు సమీకరణాన్ని పిల్లలకు నోటితో చదివి వినిపించారు. “మూడు x లలకెల్లి ఇరవై తీసేస్తే అయిదు మిగిలింది. x ఎంత?”

నేను విన్నాను. ఆయన ఇంకా ఒక్క మెట్టు కూడా రాయలేదు.

ఒక్క దగ్గు దగ్గితే చాలు. ‘సాబ్, మళ్ళీ ఒకసారి చదవండి’ అంటే చాలు. నేను అనలేదు. ఆయన బోర్డు మధ్యలో గీత గీశారు. రెండు దిక్కులా ఇరవై కలిపారు. ‘ఎందుకు’ రాశారు. 3x = 25. రెండు దిక్కులా మూడుతో భాగించారు. ‘ఎందుకు’ రాశారు. x = 25/3. ఒక్కో మెట్టూ తప్పులేకుండా, తీరిగ్గా, ధీమాగా రాశారు. మొత్తం నాలుగు నిమిషాలు పట్టి ఉంటుంది. ఆ నాలుగు నిమిషాలూ నేను బెంచీ మీద చెక్కిన ఎవరి పేరో చదువుతూ కూర్చున్నాను.

తరవాత పడ్తాల్ కోసం ఒక పిల్లవాణ్ణి లేపారు. వాడు నిలబడి పలక మీద చేసి, మళ్ళీ చేసి, భయపడుతూ అన్నాడు: “సాబ్, ఇరవైలకెల్లి ఇరవై అయిదు పోతే మైనస్ అయిదు వస్తున్నది. మనకు అయిదు రావాలె.”

“మళ్ళొకసారి చెప్పు. ఎందులకెల్లి ఏంది పోతున్నది?”

“ఇరవైలకెల్లి, సాబ్. బోర్డు మీద గట్లనే ఉన్నది.”

మాస్టర్ సాబ్ బోర్డు వైపు తిరిగారు. ఒక్క క్షణం చూశారు. ఇన్‌స్పెక్టరుతో, “మెహర్బానీ చేసి జెర జరుగుండ్రి,” అన్నారు. ఇన్‌స్పెక్టరు జరిగాడు. ఆయన ఎడమ చివరకు నడిచి, తప్పు లెక్క పక్కన చిన్న గీత పెట్టి, పిల్లల వైపు తిరిగారు.

“తప్పు నాది. మెట్లల్ల తప్పు లేదు, చూసుకోండ్రి. చదువుడుల తప్పయింది. నేను కుడి దిక్కు నుంచి చదివిన. ఇప్పుడు ఎడమ దిక్కు నుంచి చదువుత. ఇరవైలకెల్లి మూడు x లు తీసేస్తే అయిదు.”

రెండు దిక్కులా మూడు x లు కలిపారు. 20 = 5 + 3x. రెండు దిక్కులా అయిదు తీశారు. 15 = 3x. రెండు దిక్కులా మూడుతో భాగించారు. x అయిదు. అదే పిల్లవాడితో పడ్తాల్ చేయించారు. ఇరవైలోంచి పదిహేను పోతే అయిదు. పిల్లవాడు కూర్చున్నాడు. ఆయన గొంతు మొదట్లో ఎలా ఉందో చివర కూడా అలాగే ఉంది.

వరండాలో ఇన్‌స్పెక్టరు నన్ను ఆపి అన్నాడు: “మంచి మాస్టారండీ. ఇంత శుభ్రంగా చెప్పినవాళ్ళని నేను చూళ్ళేదు. కానీ మీరే చెప్పండి, పిల్లలు పబ్లిక్ పరీక్షలో ఇలా వెనకనుంచి చదివితే ఎవరండీ బాధ్యత?” అతని మాటలో అన్యాయం లేదు. నేను తల ఊపాను. వారం తిరక్కుండా కాగితం వచ్చింది. పై తరగతులు నావి.

మాస్టర్ సాబ్ రిటైరయ్యేదాకా, అంటే పదేళ్ళు, నాలుగు, అయిదు తరగతులకే చెప్పారు. ఎక్కాలు, కూడికలు, తీసివేతలు. అక్కడ కూడా బోర్డు మధ్యలో గీత గీసేవారని, చేతులు తెరిచి పట్టేవారని పిల్లలు చెప్పేవారు. నాలుగేళ్ళ తరవాత ఆ పిల్లలు నా ఎనిమిదో తరగతికి వచ్చారు. మొదటిరోజు x + 4 = 9 రాసి, ఆల్జీబ్రా అంటే ఏమిటో చెప్పబోయాను. “రెండు దిక్కుల నాలుగు తీసెయ్యాలె సార్,” అని క్లాసంతా అరిచింది. అది ఆల్జీబ్రా అని వాళ్ళకు ఎవరూ చెప్పలేదు. అప్పటి నుంచి బడికి లెక్కల్లో మంచిపేరు వచ్చింది. ఆ పేరు నా ఖాతాలో పడింది. అది ఎవరిదో నాకు తెలుసు, హెడ్మాస్టరుకు తెలుసు.

ఆ కాగితం వచ్చిన వారంలోనే, ఆదివారం నాడు నేను చిలకలగూడ వెళ్ళాను. చెప్పకుండా ఉండలేకపోయాను. చాచీ పరదా కింద నుంచి చాయ్ జరిపింది. ఆయన మంచం మీద కూర్చుని నాలుగో తరగతి పుస్తకం తిరగేస్తున్నారు.

“సాబ్, ఆ రోజు మీరు తప్పు చదివింది నాకు తెలిసింది. నేను అనలే.”

పుస్తకం మూశారు. “ఎప్పుడు తెలిసింది? ఏ మెట్టుల?”

“మెట్ల కంటే ముందే. మీరు నోటితోని చదివినప్పుడే.”

“చదివినప్పుడే? పక్కా?”

“పక్కా సాబ్.”

“శాబాష్!” అన్నారు. “ఇన్‌స్పెక్టర్‌కు సుత తెల్వలే. ఆయన రాసిన లెక్కే. పిల్లగాడు పడ్తాల్ చేసేదాంక ఆయన సుత తల ఊపుకుంటనే ఉన్నడు.”

పరదా వెనక నుంచి చాచీ అందుకుంది. “శాబాష్ ఏంది? మీ తొమ్మిదో జమాత్ పోయింది, పోరడు కండ్లార చూసి ఊకున్నడు, మీరు శాబాష్ అంటున్నరు!”

“జమాత్ సంగతి వేరే. కన్ను మంచిది పోరనిది,” అన్నారు ఆయన ఆ వైపు చూడకుండా. తరవాత నా వైపు తిరిగి గొంతు తగ్గించారు. “మరి ఎందుకు ఊకున్నవ్?”

“పెద్ద సాబ్ ఉన్నడు, క్లాసు నడుమ మాట్లాడుడు మంచిగుండదని...”

“ఆఁ. అది ఒక ఎందుకు. ఇంకోటి?”

చాయ్ మీద మీగడ కట్టింది. ఆయన చాలాసేపు ఎదురుచూశారు. ఎప్పుడూ అంతే, పిల్లవాడికి జవాబు తట్టనప్పుడు కూడా తొందరపెట్టేవారు కాదు. చివరికి, “నీ నోటితోని అననక్కర లేదు,” అన్నారు. “రేపు తొమ్మిదో తరగతికి ఏం చెప్తున్నవ్?”

“బ్రాకెట్లు సాబ్.”

“ఎన్నో పీరియడ్?”

“మూడోది.”

“నాకు ఖాళీనే. వస్త.”

మర్నాడు వచ్చారు. వెనక బెంచీలో, నేను కూర్చున్న చోటనే కూర్చున్నారు. టోపీ తీసి పక్కన పెట్టుకున్నారు. పిల్లలు ఒకరినొకరు మోచేతులతో పొడుచుకున్నారు. నిన్నటిదాకా వాళ్ళకు పాఠం చెప్పిన మనిషి వాళ్ళ వెనక కూర్చోవడం వాళ్ళకు తమాషా. నేను బోర్డు మధ్యలో గీత గీసి, 12 − 2(x − 3) = 10 అని రాశాను. బ్రాకెట్ బయట ఉన్న మైనస్ రెండుతో లోపలివాటిని గుణించాలని చెప్పాను. ఆయన కళ్ళు నా వీపు మీద ఉన్నాయన్న ధ్యాసలో చెయ్యి దానంతట అది కదిలింది. పన్నెండు, మైనస్ రెండు x, మైనస్...

“ఆగు తమ్మీ.”

గట్టిగా అన్నారు. నలభై తలలు వెనక్కి తిరిగి, మళ్ళీ నా వైపు తిరిగాయి. మైనస్ గుర్తు రాసిన చాక్‌పీసు ఇంకా బోర్డు మీంచి ఎత్తలేదు. ముందు బెంచీలో ఎవడో కిసుక్కుమన్నాడు. నేను ఆ గీతనే చూస్తూ నిలబడ్డాను. మైనస్ రెండును మైనస్ మూడుతో గుణిస్తే ప్లస్ ఆరు. అది దొరకడానికి నాకు నిమిషం పైగా పట్టింది. ఆ నిమిషమంతా వెనక బెంచీలోంచి ఇంకో మాట రాలేదు. నేను కనుక్కుంటానన్న విషయంలో ఆయనకు అనుమానం లేదు.